ఇరవై ఒక్క రోజుల పుస్తకం

నేను ఒక బట్టల కొట్టు సంచిని. ముదురు ఆకుపచ్చ ఒళ్ళు, తెల్లటి తాళ్ళ చేతులు, పొట్ట మీద వెండి రంగు నెమలి. ఆ నెమలికి ఇప్పుడు తోక సగమే ఉంది. మిగతా సగం తులశమ్మ చంకలో అరిగిపోయింది. అడుగున ఒక దళసరి అట్ట కూడా ఉండేది. నా బతుకులో చెప్పుకోదగ్గ సంగతి ఏదైనా జరిగిందంటే అది ఆ అట్ట కిందే జరిగింది.

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఇందులో నా తప్పేమీ లేదు, పెంపకం అలాంటిది. నన్ను కుట్టిన షెడ్డులో మేస్త్రీ ప్రతి సంచినీ రెండు చేతులా పట్టుకుని లాగి, చినుగుతుందేమోనని చూసి గానీ కట్టలో వేసేవాడు కాదు. కొట్టుకు చేరాక గుమ్మం దగ్గర కాపలావాడు బయటికి పోయే ప్రతి సంచిలోకీ తొంగి చూసేవాడు. నన్ను ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు, కొట్లో చూపించిన చీర ఇదేనా లేక మార్చి పెట్టాడా అని వీధి అరుగు మీద ఎండలో పరిచి మరీ చూశారు. పుట్టిన పదిహేను రోజుల్లో ఇన్ని అనుమానపు చూపులు తిన్న సంచి, లోకాన్ని ఇంకెలా చూస్తుంది?

అలా ఎండలో పరిచి చూసిన మనిషే తులశమ్మ. చీరాలలో మగ్గం నేసే బిట్రా పున్నారావు భార్య. నేసేవాళ్ళింట్లో కొట్టు చీరేమిటని మీరు అడగవచ్చు. కొడుకు పెళ్ళికి ఆడపడుచుకు పెట్టే చీర కదా, ఇంట్లో నేసినదైతే మిగిలింది అంటగట్టారంటుందని తులశమ్మ భయం. ఆ ఆడపడుచు పేరు మాణిక్యమ్మ, పున్నారావుకు అక్క. ఆవిడ చీర రంగు సంగతి ఆలోచించనే లేదు. పెళ్ళికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో పిలిచారన్నదే పట్టుకుని కూర్చుంది. పెళ్ళికి రాలేదు. పంపిన చీరను మడత విప్పకుండా నాతో సహా తిప్పి పంపింది. ఆ రోజు నుంచి వదినా మరదళ్ళకు మాటల్లేవు. చీర బీరువాలోకి పోయింది, నేను మేకుకు వేలాడాను. రెండేళ్ళు.

మేకు నుంచి నన్ను దింపింది పున్నారావు కడుపునొప్పి. పేగుకు చిల్లి పడిందని గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. మన వైపు జబ్బు చేసిన మనిషికి మంచం కంటే ముందు ఒక సంచి కావాలి. స్కానులు, రక్తపరీక్షలు, చీటీలు అన్నీ అందులో వెయ్యాలి. ఎన్ని కంప్యూటర్లు వచ్చినా, డాక్టరు ముందు కూర్చోగానే చీరల కొట్టు సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరచకపోతే మనవాళ్ళకు చూపించుకున్నట్టే ఉండదు. ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

తులశమ్మ నన్ను ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. ఆసుపత్రివాళ్ళు కాగితాలు మార్చేస్తారని ఆమె గట్టి నమ్మకం. పక్క మంచం వాళ్ళ రిపోర్టు తమదని చెబుతారేమోనని ఒకటి, ఉన్నది దాచేస్తారేమోనని ఇంకొకటి. నర్సు మందు ఎక్కిస్తుంటే సీసా మీద పేరు చదివించుకునేది. రక్తం తీసుకుపోతే లెక్కపెట్టుకున్నట్టు గొట్టాల వంక చూసేది. నిద్రపోయేటప్పుడు నన్ను తలకింద పెట్టుకునేది. ఆమె తల బరువు నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఆ తలలో భయం తప్ప మరేమీ లేదు. మూడు వారాలుగా ఆ మనిషి కోలుకోవడం లేదు, ఎందుకో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆ భయం పైకి అనుమానంలా కనబడేది.

పున్నారావుకు పేగు కుట్టారు. కుట్టు ఊడింది, మళ్ళీ కుట్టారు. నోటితో తినడానికి వీల్లేక మెడలో పెద్ద నరంలోకి గొట్టం వేసి, అందులోంచే ఆహారం ఎక్కించారు. చీముకు ఒకదాని తరవాత ఒకటి పెద్ద పెద్ద యాంటీబయాటిక్సు ఇచ్చారు. పద్దెనిమిదో రోజు చలితో వణికి జ్వరం వచ్చింది. రక్తం సీసాల్లో పెట్టి పెంచితే ఈస్టు, అంటే బూజు జాతి క్రిమి, మొలిచింది. ఆ కాగితం నాలో పడ్డ రోజున ఐసీయూకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ పేరు నసీమా, ఇలాంటి మొండి సూక్ష్మజీవుల సంగతి చూసే డాక్టరు.

ఆమెను చూడగానే నాకు గుర్తుపట్టడం తేలికైంది. మా జాతి మనిషి. ఆమె ఏదీ నమ్మదు. జ్వరం తగ్గిందంటే ఎందుకు తగ్గిందని అడుగుతుంది. అయితే తులశమ్మ అనుమానానికీ ఆమె అనుమానానికీ తేడా ఉంది. తులశమ్మ మనుషులను అనుమానిస్తుంది, ఈవిడ రోగాన్ని అనుమానిస్తుంది. ముందుగా మెడలో గొట్టం తీయించేసింది. ఈస్టును చంపే మందు మొదలుపెట్టింది. ఈస్టు కంటికి పాకిందేమోనని కళ్ళ డాక్టరుకు చూపించింది. రోజు విడిచి రోజు రక్తం తీసి మళ్ళీ సీసాల్లో పెట్టి చూడమంది. గుండెకు బయట నుంచి స్కాను తీయించింది. పొట్టంతా కట్లు, మనిషి పక్కకు తిరగలేడు. అందుకని బొమ్మ సరిగా రాలేదు. గడ్డలేమీ కనబడలేదు, కవాటం కొంచెం మందంగా ఉన్నట్టుంది, వయసు వల్ల కావచ్చు అని రాశారు. ఆ కాగితాన్ని తులశమ్మ మురిపెంగా నాలో అన్నిటికంటే పైన పెట్టింది.

గొట్టం తీసి ఆరు రోజులైంది. మందు పడుతూనే ఉంది. అయినా ప్రతి సీసాలోనూ ఈస్టు మొలుస్తూనే ఉంది.

నసీమా తులశమ్మను కూర్చోబెట్టి చెప్పింది. ఈస్టు రక్తంలోకి రావడానికి దారులు చాలా ఉన్నాయట. మెడలో గొట్టం, పేగు కోత, వారాల తరబడి యాంటీబయాటిక్సు, నరంలోంచి ఆహారం. పున్నారావుకు అవన్నీ ఉన్నాయి. వచ్చినదల్లా గుండెలో దిగదు. దిగాలంటే దానికి గరుకైన చోటు కావాలి. ఎప్పుడో పాడైన కవాటమో, ఆపరేషను చేసి మార్చిన కవాటమో, లోగడ ఒకసారి చీము పట్టిన గుండో ఉంటే అక్కడ పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుందంటే మందుకు లొంగదు. గొట్టం తీసేసినా, మందు పడుతున్నా రక్తం శుభ్రపడటం లేదు కాబట్టి గుండెనే అనుమానించాలి. నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి గుండెను వెనక నుంచి చూస్తే తేలిపోతుంది. కానీ రెండుసార్లు కోసిన పొట్ట, మనిషి బలహీనంగా ఉన్నాడు, మత్తు ఇచ్చే డాక్టరు వెనకాడుతున్నాడు. గుండె జబ్బు ఉండేదని తెలిస్తే ఆయన ఒప్పుకుంటాడు. ఇది చెప్పి ఆమె అడిగింది.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా? మూడు వారాలకొకసారి పిర్రకు సూది వేయించుకునేవాడా? బాగా గుర్తు చేసుకుని చెప్పమ్మా."

"ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం డాక్టరమ్మా. ఒక్కనాడు గుండె అన్న మాట ఆయన నోట రాలా" అంది తులశమ్మ. కొత్త గొట్టం దింపడానికి సంతకం పెట్టనని కూడా అంది. ఒక గొట్టంతోనే ఇంత వచ్చింది, ఇంకో గొట్టమా అని ఆమె బాధ.

డాక్టరమ్మ లోపలికెళ్ళి పున్నారావునే అడిగింది. అప్పుడు నేను తులశమ్మ చంకలో ఆ మంచం పక్కనే ఉన్నాను. అతను మగతలో ఉన్నా ప్రశ్న విన్నాడు. ముందు భార్య మొహం చూశాడు. తరవాత లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. డాక్టరు ప్రశ్న అడిగితే డాక్టరు వంక చూడాలి గానీ, భార్య వంక ఎందుకు చూశాడు? నాకు అక్కడే అనుమానం వేసింది. సంచికి నోరుంటే అడిగి ఉండేదాన్ని.

ఆ సాయంత్రమే మాణిక్యమ్మ వచ్చింది. ఎవరో చెబితే తెలిసి వచ్చిందట. వెయిటింగు హాలులో తులశమ్మకు నాలుగు వరసల దూరంలో కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరూ పలకరించలేదు. నసీమా బయటికి వచ్చి తులశమ్మను మళ్ళీ అదే సంగతి అడగడం, తులశమ్మ మళ్ళీ లేదనడం ఆవిడ విన్నది. ఈస్టు గుండెలో ఉండి మనం చూడకపోతే ఎన్ని రోజులు మందు పోసినా మనిషి దక్కడు, ఉంటే ఆపరేషను చేసి తీసేయాలి అన్నది కూడా విన్నది. రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకుంది. లేచి వెళ్ళిపోయింది. పలకరించడానికి కూడా మనసు రాలేదు చూశావా అని తులశమ్మ నాకు వినబడేలా గొణుక్కుంది.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు రోగులను చూసే వేళ. లోపలికి ఒక్కరే పోవాలి, అయిదు నిమిషాలు. నిన్న ఎవరో సంచి తెచ్చి మంచం మీద పెట్టారని ఆ రోజు నుంచి చెప్పులతో పాటు సంచులు కూడా బయటే వదలమన్నారు. తులశమ్మ నన్ను కుర్చీలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, పక్కావిడకు కాస్త చూస్తుండమని చెప్పి వెళ్ళింది. పక్కావిడ ఫోన్లో మాట్లాడుకుంటోంది.

అప్పుడు ఒక చెయ్యి తువ్వాలు తొలగించింది. ఆ చేతిని నేను ఎరుగుదును. రెండేళ్ళ కిందట నన్ను తిప్పి పంపిన చెయ్యే. అప్పుడు విసురుగా ఉండేది, ఇప్పుడు దొంగలా మెల్లగా దిగింది. కాగితాలన్నీ ఒక పక్కకు ఒత్తి, అడుగున అట్ట ఎత్తి, పసుపు గుడ్డలో చుట్టి దారం కట్టిన చిన్న మూటను దాని కిందికి తోసింది. మాణిక్యమ్మ వేళ్ళు ఇంకా నాలో ఉండగానే ఐసీయూ తలుపు తెరుచుకుంది. పున్నారావుకు మళ్ళీ వణుకు వచ్చిందని తులశమ్మను రెండో నిమిషంలోనే బయటికి పంపించేశారు.

ఆమె చూసింది. మాణిక్యమ్మ చెయ్యి నాలోంచి బయటికి రావడం, అది ఖాళీగా రావడం చూసింది. ఖాళీ చెయ్యి బయటికి వచ్చిందంటే లోపల ఏదో పెట్టినట్టే.

తరవాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తులశమ్మ నన్ను నేల మీద బోర్లించింది. స్కానులు, చీటీలు హాలంతా జారిపోయాయి. అంతటితో ఆగక అట్టను పట్టి ఒక్క లాగు లాగింది. మేస్త్రీ రెండు చేతులా లాగి పరీక్షించిన నా కుట్లు పటపటమని తెగాయి. అట్టతో పాటు పసుపు గుడ్డ మూట కింద పడింది.

పసుపు గుడ్డ, దారం ముడి. మీరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను, మంత్రించి పెట్టిందని. తులశమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇందుకా వచ్చింది నువ్వు? నా మొగుడు అట్టా పడుంటే ఇదా నువ్వు పెట్టేది?" అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు.

మాణిక్యమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. హాలులో ఉన్నవాళ్ళందరూ ఆ మూటకు దూరం జరిగారు. అప్పుడే రౌండ్సు నుంచి నసీమా బయటికి వచ్చింది. నేల మీద చెదిరిన కాగితాలు చూసి వంగి ఏరడం మొదలుపెట్టింది. మూట దగ్గరికి వచ్చేసరికి తులశమ్మ ఆపింది.

"దాన్ని ముట్టుకోమాక డాక్టరమ్మా."

అనుమానాలలో కూడా రకాలున్నాయని చెప్పాను కదా. నసీమా మూట తీసుకుంది, దారం తెంపింది, గుడ్డ విప్పింది. లోపల ఉన్నది అరచేతి వెడల్పు నోటు పుస్తకం. అట్ట నల్లబడింది, అంచులు పురుగు కొట్టేసింది. మొదటి పేజీ మీద ఒక ఆసుపత్రి ముద్ర, ఇంగ్లీషులో రెండు వరసలు, కింద తెలుగులో పేరు. బిట్రా పున్నారావు, వయసు పదకొండు.

ఆమె నిలబడినచోటే చదివింది. కీళ్ళవాపు జ్వరం వల్ల గుండెలో ఎడమ వైపు కవాటం పాడైంది, ప్రతి ఇరవై ఒక్క రోజులకూ పెన్సిలిన్ సూది వేయించాలి. ఆ తరవాత పేజీల నిండా తారీఖులు. ఒక్కో తారీఖు పక్కన ఒక టిక్కు, టిక్కు పక్కన పదహారేళ్ళ పిల్ల గుండ్రటి రాత. తల్లి లేని తమ్ముణ్ణి ప్యాసింజరు బండెక్కించి తీసుకుపోయి సూది వేయించుకొచ్చిన అక్క రాసుకున్న మాటలు. ఏడ్చాడు. ఏడ్చాడు. కుంటుకుంటూ నడిచాడు. జీళ్ళు కొనిచ్చాను. ఈసారి ఏడవలేదు. అలా పన్నెండేళ్ళు. చివరి నాలుగు పేజీల్లో తారీఖులు ముందుగానే వేసి ఉన్నాయి గానీ టిక్కులు లేవు. టిక్కులు ఆగింది తులశమ్మ మెడలో తాళి పడిన నెలలో.

నసీమా పుస్తకం మూసి, మత్తు డాక్టరుకు ఫోను చేస్తూ లోపలికి పోయింది. ఆమె వెనకే నర్సు సంతకాల కాగితం తెచ్చింది. తులశమ్మ సంతకం పెట్టింది.

ఆ తరవాత హాలులో ఆ ఇద్దరే మిగిలినట్టుంది నాకు. కాగితాలు ఇంకా సగం నేల మీదే ఉన్నాయి. తులశమ్మ కూర్చుండిపోయింది. ఎందుకు చెప్పలేదని అడిగింది.

"తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టేయించుకున్నాడు తులశమ్మా. పెళ్ళికూతురికి గానీ, వాళ్ళోళ్ళకి గానీ, ఎవరికీ చెప్పనని. తప్పితే పోయేది నేను కాదు, వాడు" అంది మాణిక్యమ్మ. "చెప్తే పోతాడు. చెప్పకపోతే పోతాడని డాక్టరమ్మ అంటోంది. రాత్రంతా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. నా నోటితో చెప్పలా, నా చేత్తో ఎవరికీ ఇయ్యలా. వాడి పుస్తకం వాడి కాగితాల్లో పెట్టానంతే."

మనుషుల తెలివి ఎంత వంకరో చూశారా? దేవుడు లెక్క చూసేటప్పుడు సంచిలో వేస్తే చెప్పినట్టు కాదట. నవ్వుదామనుకున్నాను. కానీ ఆ వేళ్ళు మెల్లగా నా అట్ట ఎత్తిన తీరు గుర్తొచ్చింది, నవ్వు రాలేదు. ఆ చేతిని కూడా చెడుగా అనుకున్నందుకు సిగ్గేసింది.

తులశమ్మ కింద పడున్న పసుపు గుడ్డను తీసి మడతపెట్టింది. తరవాత రెండేళ్ళుగా ఆ నోట రాని పిలుపు వచ్చింది.

"నిమ్మకాయలనుకున్నా వదినా" అంది. ఇద్దరూ ఏడ్చారు.

మధ్యాహ్నం కెమెరా గొట్టం దింపారు. పాడైన ఆ కవాటం మీదే శనగబద్దంత గడ్డ ఊగుతూ కనబడింది. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే ముక్క విరిగి మెదడుకు పోయేదేమోనని నసీమా అంది. అదే ఆసుపత్రిలో గుండె కోసేవాళ్ళు కవాటం తీసి కొత్తది వేశారు. తీసిన ముక్కలోనూ అదే ఈస్టు మొలిచింది. రక్తం సీసాల్లో మాత్రం ఆ తరవాత ఏమీ మొలవలేదు. ఒకటి, రెండు, మూడు. మూడోది కూడా శుభ్రంగా ఉందన్నాకే నసీమా మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. అయినా ఆమె అనుమానం పోలేదు. కొత్త కవాటం కూడా గరుకు చోటే, ఈస్టు మాత్ర ఏళ్ళ తరబడి, బహుశా బతికినన్నాళ్ళూ వేసుకోవాలి, ఒక్క రోజు కూడా మానకూడదు అని మూడుసార్లు చెప్పింది.

ఇంటికి పంపే రోజు వచ్చింది. పున్నారావు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు, మనిషి సగమయ్యాడు. మాణిక్యమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. తులశమ్మ నాలో కాగితాలు సర్దుతోంది. అప్పుడు ఆ మహానుభావుడు భార్య చెయ్యి పట్టుకుని తన తల మీదికి లాక్కున్నాడు.

"ఈ గుండె సంగతి కోడలి పుట్టింటోళ్ళకి తెలియనీయమాక. ఒట్టెయ్" అన్నాడు.

ఇన్ని కోతలు పడిన మనిషి నోట వచ్చిన మొదటి కోరిక ఇది. నాకు ఆశ్చర్యం వేయలేదు, మనుషుల సంగతి నాకు తెలుసు. మాణిక్యమ్మ తల దించుకుంది.

తులశమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. అదే చేత్తో మాత్ర తీసి అతని అరచేతిలో పెట్టింది.

"నీ తల మీద ఒట్లు చాలు. ఇది మింగు" అంది. అతను మింగాడు. ఆమె పసుపు గుడ్డ విప్పి పుస్తకం అతని ఒళ్ళో పెట్టింది. అక్క దాన్ని దాచిందని అతనికి అప్పటిదాకా తెలియదు. ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోయాడు.

నన్ను చెత్తడబ్బాలో వేస్తారనుకున్నాను. ఆ ఆసుపత్రిలో చెత్తకు కూడా రంగు రంగుల డబ్బాలున్నాయి, నేను ఏ రంగుకు చెందుతానో చూద్దామని ఎదురుచూశాను. వెయ్యలేదు. మగ్గం మీది పట్టుదారంతో మాణిక్యమ్మ నా కుట్లు తిరిగి వేసింది. అట్ట మాత్రం పెట్టలేదు, ఇద్దరూ వద్దనుకున్నారు. ఇప్పుడు మగ్గం గదిలో మేకుకు ఉన్నాను. ఎవరు తొంగి చూసినా నా అడుగు దాకా కనబడుతుంది. పై కాగితం స్కాను కాదు, ఆ పాత పుస్తకం.

ఆ రోజు ఆసుపత్రిలో, పున్నారావు చివరి పేజీల దాకా వచ్చాక, తులశమ్మ పుస్తకం తీసుకుని నర్సు దగ్గర పెన్ను అడిగింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఖాళీగా ఉన్న మొదటి తారీఖును కొట్టేసి, ఆనాటి తారీఖు వేసి, టిక్కు పెట్టింది. పక్కన ఏం రాయాలో తెలియక ఆడపడుచు వంక చూసింది. మాణిక్యమ్మ తమ్ముడి మొహం చూసి చెప్పింది. తులశమ్మ రాసింది.

మాత్ర వేసుకున్నాడు. ఏడ్చాడు.